రెండు క్వింటాళ్ళ మోజు వదిలి వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్ కొన్నాను: 5,200 కిలోమీటర్ల తర్వాత

ముందే చెప్పేస్తున్నా, నేను రెండేళ్ళు కలలు కన్న బండి ఇది కాదు. నా మనసంతా రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 మీద ఉండేది. 2023 నవంబరులో గోవాలో దాన్ని విడుదల చేసిన రోజు నుంచీ ఫోన్లో దాని వీడియోలు చూడని రాత్రి లేదు, మా ఆవిడైతే "ఆ బండితోనే కాపురం పెట్టకపోయారా" అనేదాకా వెళ్ళింది. చివరికి 2025 దసరాకి ఇంటికొచ్చింది మాత్రం సుజుకి వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్, 250 సీసీ, పసుపు రంగు. నాలుగు నెలలు తిరిగాక రాస్తున్నాను. బాధపడుతున్నానా అంటే లేదు. అప్పుడప్పుడూ రోడ్డు మీద 450 కనిపిస్తే తల తిప్పి చూస్తున్నానా అంటే, చూస్తున్నాను.

మనసు మారింది షోరూములో కాదు, వంజంగి కొండ దారిలో. కిందటి ఏడాది జనవరిలో ఒక స్నేహితుడి బండి అడిగి తీసుకుని పాడేరు వెళ్ళాను. పెద్ద అడ్వెంచర్ బండి (రోడ్డు మీదా, గతుకుల దారిలోనూ తిరిగే రకం), దాదాపు రెండు క్వింటాళ్ళు. పేరు అనవసరం, ఎందుకంటే తప్పు బండిది కాదు, అచ్చంగా నాదే. మబ్బులు చూసి తిరిగి దిగుతుంటే తప్పు మలుపు తీసుకున్నానని తెలిసి, వాలులో బండి వెనక్కి తిప్పబోయాను. నా ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు. లోయ వైపు కాలు దించితే అక్కడ నేల నేను అనుకున్నదానికి జానెడు కింద ఉంది. అంతే, గేదె పడుకున్నట్టు మెల్లగా, నెమ్మదిగా, చాలా మర్యాదగా పక్కకి వాలిపోయింది. వేగంలో పడితే చెప్పుకోవడానికైనా బాగుంటుంది, నిలబడి పడితే ఎవరికి చెప్పుకుంటాం.

లేపడానికి పది నిమిషాలు చూశాను. 25 కిలోల బియ్యం బస్తాలు ఎనిమిది ఒకదానికొకటి కట్టేసి, వాలులో తలకిందులుగా పడేసి ఎత్తమంటే ఎలా ఉంటుందో అలా ఉంది. చివరికి జీపులో వస్తున్న ఇద్దరు కుర్రాళ్ళు దిగి, నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడి, లేపి నిలబెట్టారు. వాళ్ళలో ఒకడు "అన్నా, ఒక్కడివే వచ్చావా?" అని అడిగాడు. నిజంగా నేను ఎప్పుడూ ఒక్కడినే వెళ్తాను, లేదంటే మా ఆవిడతో వెళ్తాను. గుంపుతో తిరిగే అలవాటు లేదు. ఆ ప్రశ్న వినే వరకూ బండి ఎంపికలో అది ఒక లెక్క అని నాకు తోచనే లేదు.

ఇంటికొచ్చాక కాగితం తీసి, అంతకు ముందు రెండేళ్ళలో చేసిన ప్రయాణాలు రాశాను. శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా అరకు నాలుగుసార్లు. నర్సీపట్నం మీదుగా లంబసింగి రెండుసార్లు. మారేడుమిల్లి ఒకసారి. పార్వతీపురం అవతల అత్తారింటికి లెక్కలేనన్నిసార్లు. మొత్తం మీద నూటికి తొంభై కిలోమీటర్లు తారు రోడ్డే. మిగతా పదిలో కూడా తొమ్మిది పంచాయతీ వాళ్ళు తవ్వి వదిలేసిన రోడ్లు, అంటే ఏ స్కూటరైనా తిట్టుకుంటూ వెళ్ళగలిగేవి. నిజంగా రాళ్ళు, బురద, వాగు ఉన్న దారి ఎంత ఉంటుంది? ఏడాదికి ఇరవై కిలోమీటర్లు. ఆ ఇరవై కోసం మిగతా అంతా మోయాలా అన్నది అసలు సంగతి.

ఇలా అన్నానని హిమాలయన్ మంచిది కాదని అనుకోవద్దు. 452 సీసీ, 40 పీఎస్ శక్తి, 40 ఎన్ఎం టార్కు (లాగే బలం), ముందు 21 అంగుళాల చక్రం, 17 లీటర్ల ట్యాంకు, 230 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్సు (నేలకీ బండి అడుగుకీ మధ్య ఖాళీ). లద్దాఖ్ వెళ్ళేవాడికీ, నెలకోసారి గుంపుతో అడవి దారులు పట్టేవాడికీ ఆ డబ్బుకి అంత సామాను ఇంకెక్కడా కనిపించదు. పైగా రాయల్ ఎన్‌ఫీల్డ్ తెలిసిన మెకానిక్ చిన్న టౌన్లలో కూడా దొరుకుతాడు. కానీ బరువు 196 కిలోలు. వీ-స్ట్రామ్ 167. తేడా 29 కిలోలు, అంటే ఒక బియ్యం బస్తా, పైన నాలుగు కిలోల కందిపప్పు. కాగితం మీద చిన్నగానే కనిపిస్తుంది, వాలులో కనిపించదు.

ఇక జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బళ్ళకి 28 శాతం నుంచి 18కి దిగింది, 350 దాటినవాటికి సెస్సుతో కలిపి 31 ఉన్నది 40కి ఎక్కింది. దాంతో 450 ఎక్స్-షోరూమ్ ధరే మూడు లక్షలు దాటింది, వీ-స్ట్రామ్ రెండు లక్షల లోపుకి వచ్చింది. లక్ష పైచిలుకు తేడా. ఆ లక్షలో మంచి హెల్మెట్లు రెండు, జాకెట్, బూట్లు, సామాను పెట్టెలు, ఏడాది పెట్రోలు అన్నీ వస్తాయి. నాకు ధర ఒక్కటే కారణం కాదు, కానీ ఊగుతున్న మనసుని ఒక పక్కకి తోసింది అదే.

మిగతావీ చూశాను. హీరో ఎక్స్‌పల్స్ 210 తేలిగ్గా, ఎత్తుగా, గతుకుల్లో నవ్వుకుంటూ వెళ్ళే బండి. ముందు 21, వెనక 18 అంగుళాల చక్రాలు, 24.6 పీఎస్. నా వయసు ఇరవై అయిదు అయ్యుంటే, వెనక సీటు ఖాళీగా ఉండి ఉంటే కళ్ళు మూసుకుని అదే కొనేవాడిని. కానీ ట్యూబు టైర్లు. పాడేరు దాటాక ముందు చక్రం పంక్చరయితే చక్రం విప్పాలి, ట్యూబు తియ్యాలి, ఆ సైజు ట్యూబు ఉన్న కొట్టు వెతకాలి. కేటీఎం 250 అడ్వెంచర్‌లో చేవ ఎక్కువ, దాని మీద కూర్చుంటే మనిషికి ఊరికే తొందర పుడుతుంది. నాకు ఆ తొందర అక్కర్లేదు. ఇద్దరు పిల్లల తండ్రిని.

టెస్ట్ రైడ్ గురించి ఒక మాట. షోరూము వాళ్ళు ఇచ్చే రెండు కిలోమీటర్ల చుట్టుతో ఏమీ తెలియదు, అందులో ఒకటిన్నర సిగ్నల్ దగ్గరే అయిపోతుంది. నేను చేసింది ఇది: రోజూ వేసుకునే బూట్లే వేసుకుని వెళ్ళాను, మా ఆవిడని తీసుకెళ్ళాను, వెనక ఆమెని కూర్చోబెట్టి పక్క సందులో వాలు ఉన్న చోట బండి ఆపి, కాలు దించి, చేత్తో వెనక్కి నెట్టుకుని తిప్పి చూశాను. సేల్స్ కుర్రాడు "సార్, పికప్ చూడండి సార్" అని బతిమాలుతుంటే నేను రివర్సు చూసుకుంటున్నాను. వీ-స్ట్రామ్ సీటు ఎత్తు 835 మిల్లీమీటర్లు, తక్కువేం కాదు. నాకు రెండు పాదాలూ పూర్తిగా ఆనవు, మునివేళ్ళు ఆనతాయి. అయినా బరువు కిందికి ఉన్నట్టు అనిపించి, ఒక కాలితోనే ఆపుకోగలిగాను. అదే పని 450 మీద చేస్తే చెయ్యగలిగాను కానీ మెడ మీద చెమట పట్టింది.

నేను తిరిగిన నాలుగు షోరూముల్లో ఒకచోట, ఏదో చెప్పను, రేటు కాగితంలో "హ్యాండ్లింగ్ చార్జీలు" అని కొన్ని వేలు రాసిచ్చారు. ఏం హ్యాండిల్ చేశారండీ అంటే, బండి గోడౌన్ నుంచి తెచ్చాం కదా సార్ అన్నాడు. మరి నేను కొనేది గోడౌన్ ఖర్చుతో కలిపిన ధరకే కదా! అక్కడే "ఇన్సూరెన్సు మా దగ్గరే తీసుకోవాలి" అని కూడా అన్నారు. అలాంటి రూలేం లేదు, పాలసీ బయట ఎక్కడైనా తీసుకోవచ్చు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త టూవీలర్‌కి అయిదేళ్ళ థర్డ్ పార్టీ తప్పనిసరి కాబట్టి మొత్తం పెద్దగానే కనిపిస్తుంది, కానీ మనకి నచ్చిన చోట రేటు అడిగి బేరం పెట్టుకోవచ్చు. లేచి వచ్చేశాను. కొన్నచోట ఆ గోల లేదు, లైఫ్ ట్యాక్సూ ఇన్సూరెన్సూ రిజిస్ట్రేషనూ అన్నీ కలిపి రెండు లక్షల నలభై వేల చిల్లర అయింది. మీరు కొనేటప్పుడు మాత్రం రేటు కాగితం వరస వరసా వేలు పెట్టి చదవండి. మొహమాటపడితే మునిగేది మనమే.

ఆ ఏడాది దసరా, గాంధీ జయంతి ఒకే రోజు పడ్డాయి కదా, ఇంట్లో మాంసం లేదు, బండికి మాత్రం గుమ్మడికాయ, నిమ్మకాయలు, పసుపు కుంకుమ అన్నీ ఘనంగా జరిగాయి. పిల్లలు దాని ముందున్న ముక్కు చూసి "కొంగ" అని పేరు పెట్టారు. ఆ ముక్కుకి ఒక చరిత్ర ఉందని వాళ్ళకి చెప్పబోయాను: 1988లో సుజుకి తెచ్చిన డీఆర్ 750 నుంచి వస్తున్న ముక్కు అది, డాకర్ ఎడారి పందాల బళ్ళ వంశం. వినలేదు. కొంగే.

సరే, నడక. 249 సీసీ ఇంజిను, ఆయిల్ కూలింగ్, 26.5 పీఎస్, 22.2 ఎన్ఎం, ఆరు గేర్లు. జిక్సర్ 250లో ఉన్న ఇంజినే. వైజాగ్‌లో మద్దిలపాలెం ట్రాఫిక్కులో కూడా కాలికి సెగ కొట్టి చిరాకు పెట్టలేదు. హైవే మీద 90, 95 దగ్గర పెట్టి వదిలేస్తే రోజంతా అలా పోతుంది, అదే దీని సుఖమైన వేగం. విజయనగరం దాటాక బొబ్బిలి వైపు ఖాళీ రోడ్డు మీద ఇంతకన్నా ఏం కావాలనిపిస్తుంది. కానీ పదహారో నంబరు హైవే మీద ఆరో గేరులో ఉండి, ఇద్దరు మనుషులు, రెండు బ్యాగులతో, లోడు లారీని దాటాలంటే ఒక గేరు దించాలి, ఒక్కోసారి రెండు. 450 అయితే మణికట్టు తిప్పితే చాలు. ఇది బలం లేక కాదు, 250 సీసీ అంటే అంతే, తెలిసి కొన్నాను. 120తో విజయవాడ దాకా దూసుకుపోవాలనుకునేవాళ్ళు ఇక్కడే చదవడం ఆపెయ్యొచ్చు.

ఘాట్ రోడ్డులో మాత్రం నాకు ఇది దొరకడం అదృష్టమే అనిపిస్తుంది. అనంతగిరి ఎక్కేటప్పుడు హెయిర్‌పిన్ మలుపుల్లో ఎదురుగా ఆర్టీసీ బస్సు సగం రోడ్డు ఆక్రమించి వస్తుంది చూడండి, ఆ క్షణంలో బండిని అడుగు పక్కకి జరిపి, మళ్ళీ గీతలోకి తెచ్చుకోవాలి. ముందు 19 అంగుళాల చక్రం, వెడల్పు హ్యాండిలు, తక్కువ బరువు. ఆలోచించేలోపే జరిగిపోతుంది. కూర్చునే తీరు నిటారుగా ఉంటుంది, వైజాగ్ నుంచి అరకు 115 కిలోమీటర్లు వెళ్ళాను, నడుము ఊసే రాలేదు. గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర ఆపింది కాఫీ కోసమే.

గతుకులు? మామూలు గతుకులన్నీ మింగేస్తుంది. గ్రౌండ్ క్లియరెన్సు 205, కాబట్టి మోకాలెత్తు రాళ్ళ మీదికి ఎక్కించే సాహసాలు వద్దు. ఇంజిను కింద ప్లాస్టిక్ కవరే వస్తుంది, నేను మొదటి వారంలోనే ఇనప ప్లేటు వేయించాను, దానితో పాటు క్రాష్ గార్డు. ఈ రెండూ వేయించకుండా కొండ దారి పట్టకండి. చక్రాలు అల్లాయ్, ట్యూబ్‌లెస్. చింతపల్లి దగ్గర మేకు దిగితే సీటు కింద పెట్టుకున్న పంక్చర్ కిట్టుతో, చిన్న గాలి పంపుతో, పావుగంటలో నేనే వేసుకున్నాను. జీవితంలో మొదటిసారి. మా ఆవిడ టార్చి పట్టుకుంది. ఆ పావుగంటకే ట్యూబ్‌లెస్ టైరు విలువ తెలిసిపోయింది.

ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోయి జారకుండా చూసే ఏర్పాటు) సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని తీసిపారేస్తున్నారు. ఇందులో రెండు చక్రాలకీ ఏబీఎస్ ఉంటుంది, దాన్ని ఆపే బటన్ ఉండదు. 450లో వెనక చక్రానిది ఆపుకోవచ్చు. వదులు మట్టిలో, గులకరాళ్ళ వాలులో దిగేటప్పుడు ఏబీఎస్ బ్రేకుని వదిలి వదిలి పడుతుంది కాబట్టి బండి మనం అనుకున్నదానికన్నా దూరం పోతుంది. అలాంటి చోట మొదటి గేరులో, ఇంజినుతోనే ఆపుకుంటూ, చీమలా దిగాలి. నేను అలాగే దిగుతున్నాను. అదే మన తారు రోడ్ల మీదికి రండి. డిసెంబరులో మా వైపు పల్లెల్లో రోడ్డు సగం మీద ధాన్యం ఆరబోసి, అంచున రాళ్ళు పేరుస్తారు. ఎవరినీ అనడానికి లేదు, కల్లాలు లేని రైతు ఎక్కడ ఆరబెట్టుకుంటాడు. మామయ్య గారి ఊరికి వెళ్తూ చీకటి పడే వేళ ఒక మలుపు తిరిగేసరికి ఎదురుగా అదే, పక్కన ట్రాక్టరు. బ్రేకు నొక్కేసరికి ముందు చక్రం గింజల మీద ఉంది. హ్యాండిలు చేతిలో గిలగిల్లాడింది కానీ జారలేదు. ఆపే బటన్ నాకు అక్కర్లేదని ఆ సాయంత్రం తేలింది. మీ దారులు వేరే అయితే మీ లెక్క వేరే.

మైలేజీ ట్యాంకు నింపి నింపి కొలిచాను: సిటీలో 31, 32, హైవే మీద నెమ్మదిగా పోతే 36 దాకా. ట్యాంకు 12 లీటర్లే. చిన్నదే, కాదనను. అయినా 350 కిలోమీటర్లు ధైర్యంగా పోవచ్చు, మన మన్యంలో అంత దూరం బంకు లేని దారి నాకు తగల్లేదు. పెట్రోలు లీటరు 108 దాటిన ఊళ్ళో ఉంటున్నాం కాబట్టి 17 లీటర్ల ట్యాంకు నింపేటప్పుడు వచ్చే గుండెదడ కూడా లేదు.

మీటరు సాదా ఎల్‌సీడీ. ఫోనుకి కలిపితే ఎటు తిరగాలో బాణాలు చూపిస్తుంది, హిమాలయన్‌లో లాగా మ్యాపు మొత్తం తెర మీద కనపడదు. యూఎస్‌బీ చార్జింగు పాయింటు ఉంది. నేను ఫోను పెట్టుకునే స్టాండు కొనుక్కున్నాను, కథ ముగిసింది. పాడేరు దాటాక సిగ్నల్ ఉండని చోట్లు చాలా ఉంటాయి, అక్కడ ఏ తెర అయినా ఒకటే, టీ కొట్టువాణ్ణి అడగాల్సిందే.

వెనక కూర్చునేవాళ్ళ సంగతి మన మగాళ్ళు రాసే సమీక్షల్లో ఒక వాక్యంలో ముగుస్తుంది. నేను మా ఆవిడని అడిగి రాస్తున్నాను. ఎక్కడం కష్టం, చీరతో అయితే మరీను, ఒక పక్కకి కూర్చునే బండి కాదు ఇది. చుడీదార్‌తో ఎక్కాక సీటు వెడల్పుగా, పట్టుకోవడానికి కమ్మీ గట్టిగా ఉంది. అరవై కిలోమీటర్లకి ఒకసారి దిగి నడిస్తే చాలు. పాత 150 మీద అయితే ఇరవైకే ఆపమనేది. "మీ వీపు తప్ప ఏమీ కనపడదు" అన్నది ఆమెకున్న ఒక్క ఫిర్యాదు, దానికి సుజుకి వాళ్ళు ఏం చెయ్యగలరు.

ఎవరు కొనకూడదు అంటే, పొడుగ్గా బలంగా ఉండి, ఏడాదికి రెండు మూడుసార్లు నిజంగానే దారి లేని చోటికి పోయేవాళ్ళు 450 తీసుకోండి, లేదా బడ్జెట్ తక్కువైతే ఎక్స్‌పల్స్. ఫొటోలో పెద్దగా కనిపించాలంటే కూడా ఇది వద్దు. పెట్టెలు తగిలించాక బాగానే కనిపిస్తుంది గానీ, పెద్ద బండి పక్కన ఆపితే తమ్ముడిలా ఉంటుంది. ఉద్యోగం చేసుకుంటూ, శనాదివారాల్లో అరకో లంబసింగో, పండక్కి అత్తారిల్లో, ఇదీ మీ జీవితమైతే ఒకసారి ఎక్కి చూడండి.

ఒకటి మాత్రం ఏ బండి కొన్నా చెయ్యండి. డెలివరీ అయిన మూడో రోజు పాత పరుపు ఒకటి అపార్టుమెంటు సెల్లార్‌లో వేసి, బండిని గేరులో పెట్టి, సైడ్ స్టాండు దించి ఉంచి, స్టాండు లేని వైపుకి పరుపు మీద మెల్లగా పడుకోబెట్టాను. తర్వాత దానికి వీపు ఆనించి, ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో వెనక కమ్మీ పట్టుకుని, గొంతుకూర్చుని, నడుముతో కాకుండా కాళ్ళతో నెడుతూ వెనక్కి అడుగులు వెయ్యాలి. స్టాండు ముందే దించి ఉంటుంది కాబట్టి లేచాక అటు పక్కకి పడిపోదు. మొదటిసారి కదల్లేదు. రెండోసారి సగం లేచి మళ్ళీ పడుకుంది, పరుపులోంచి దూది బయటికొచ్చింది. శబ్దానికి వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి "అయ్యో సార్, కొత్త బండి!" అని చెయ్యి వెయ్యబోతే, వద్దు వద్దు, నువ్వు ముట్టుకోకు అని అరిచాను. మూడోసారికి లేచి నిలబడింది. ఎవరి సాయమూ లేకుండా.

ఆ వాచ్‌మన్ ఇప్పటికీ నేను తాళం తీస్తుంటే "సార్, ఇవాళ పడెయ్యరా?" అంటాడు.